అప్‌డేట్: ఆర్‌వీలో లోకల్ ఛానళ్లా, న్యూయార్క్ ఫీడా?

ఆర్‌వీలో, అంటే ఇల్లులా ఉండే ప్రయాణ బండిలో, డాలస్ దాటి దూరం వెళ్తే శాటిలైట్ డిష్‌లో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ నెట్‌వర్కుల లోకల్ ఛానళ్లు పోతున్నాయని, మిగతావి బాగానే వస్తున్నాయని ఇంతకుముందు అడిగాను. కారణం తేలింది. లోకల్ ఛానళ్లు స్పాట్ బీమ్‌లో, అంటే ఒక ప్రాంతం మీదికే పడే సిగ్నల్‌లో వస్తాయి. ఆ పరిధి దాటాక డిష్‌ని ఎంత తిప్పినా లాభం లేదు.

న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ ఫీడ్లు, అంటే ఆ నగరాల స్టేషన్ల ప్రసారాలు, దేశమంతా అందుతాయి. కానీ 2019 అమెరికా శాటిలైట్ టీవీ చట్టం తర్వాత అవి ఆర్‌వీలకు, ట్రక్కులకు, ఆ నాలుగు నెట్‌వర్కుల్లో ఒక్కటైనా లేని టీవీ మార్కెట్లకే (ప్రాంతాలకే). ఆర్‌వీకైతే బండి రిజిస్ట్రేషన్ కాపీ, సంతకం చేసిన డిక్లరేషన్ ఇవ్వాలి. మన డాలస్ టైమ్ ప్రకారం రాత్రి 7కి న్యూయార్క్ ప్రైమ్ టైమ్ మొదలవుతుంది, లాస్ ఏంజెలిస్‌ది 10కి. అందుకే న్యూయార్కే నయం.

అయితే ఆ ఫీడ్‌లో మనమున్న కౌంటీ టోర్నడో హెచ్చరిక రాదు. ఇది చిన్న విషయం కాదు. కాబట్టి దగ్గరి స్టేషన్లను నేరుగా పట్టే పైకప్పు యాంటెన్నా కూడా ఉండాల్సిందే. ఆగిన ప్రతిచోటా ఛానల్ స్కాన్ మళ్లీ చేయాలి. గోడ మీది, యాంటెన్నా సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ బటన్ పక్కన చిన్న లైట్ వెలిగిందో లేదో ముందు చూడండి. అది ఆఫ్‌లో ఉంటే చాలా ఆర్‌వీల్లో టీవీకి ఆర్‌వీ పార్క్ ఇచ్చే కేబుల్ లైనే కలుస్తుంది, స్కాన్‌లో యాంటెన్నా ఛానల్ ఒక్కటీ దొరకదు.