గదిలో ఒకరికి కోవిడ్, నాకేమీ లేదు. డ్యూటీకి వెళ్ళొచ్చా?

ఇచ్ఛాపురం కుర్రాడు:
అన్నలకి, అక్కలకి నమస్తే. సింగపూర్ వచ్చి తొమ్మిది రోజులైంది. గదిలో ఆరుగురం. పక్క మంచం అన్నకి నిన్న రాత్రి కోవిడ్ టెస్టులో రెండు గీతలు పడ్డాయి. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, అన్నం బాగానే తింటున్నాను. ఒకసారి టెస్టు చేసుకుంటే నెగటివే. డ్యూటీ మానితే జీతం కోస్తారేమోనని భయం. ఆదివారం మన ఊరోళ్ళ భోజనాలు కూడా ఉన్నాయి.

సోంపేట బాబాయ్:
ముందు గది అడ్వాన్సుకి రసీదు తీసుకున్నావా బావూ? 2021లో నాకు ఒళ్ళు వెచ్చబడనైనా లేదు, కంపెనీ అందరికీ చేయించిన టెస్టులో పాజిటివ్. వేరే చోట ఉంచి పంపించారు. తిరిగొచ్చేసరికి నా సంచులు లిఫ్టు దగ్గర. పలాస జీడిపప్పు డబ్బా మూత ఊడి మెట్ల నిండా పప్పే. ఓనరు అడ్వాన్సులో సగం మింగేశాడు, రైస్ కుక్కరు ఇప్పటికీ ఇవ్వలేదు. నాలుగు నెలలు తిరిగాను. అయితే దాచడమెందుకు, వాళ్ళ ముసలావిడకి ఆ వారమే జ్వరం తగిలింది. రోజూ సాయంత్రం ఆవిడ పక్కన కూచుని టీవీ చూసేవాణ్ణి. నా వల్లో కాదో ఎవడు చెప్తాడు.

బొబ్బిలి అక్క (నర్సు):
కుక్కరు కథ ఆరోసారి, బాబాయ్. తమ్ముడూ, జ్వరం లేదు కాబట్టి అంటించవని అనుకోకు. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ ముక్కులో, గొంతులో పెరిగి బయటికొస్తుంది. తుమ్మక్కర్లేదు, మాట్లాడితే చాలు. కిటికీలు మూసి ఏసీ వేసిన గదిలో ఆ తుంపరలు గాల్లోనే తిరుగుతాయి. కొందరికి చివరిదాకా ఏమీ కనపడదు. 2020 చివరికి ఇక్కడ వలస కూలీలుండే డార్మిటరీల్లో 3,23,000 మందిలో 47 శాతానికి సోకినట్టు తేలింది. టెస్టులో దొరికింది 54,505 మంది. మిగతా 98,289 మంది సంగతి రక్తంలో యాంటీబాడీలు చూశాకే తెలిసింది. ఒక్క నెగటివ్‌ని నమ్మకు. 48 గంటలాగి మళ్ళీ చేసుకో, అదీ నెగటివైతే ఇంకో 48 గంటలకి మూడోది. అందాకా మాస్కు, కంచం విడిగా.

టెక్కలి మావయ్య:
రూలు 14 రోజులు. గది గడప దాటకూడదు. నాకు బాగా గుర్తు.

బొబ్బిలి అక్క:
అది 2020 నాటి మాట మావయ్యా. ఇప్పటి సంగతి సూపర్‌వైజర్‌నే అడగాలి.

టెక్కలి మావయ్య:
అడిగితే వాడికి పనికొచ్చేదే చెప్తాడు. మా ఊళ్ళో ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారు, ఇక ఎవడూ తొంగి చూసేవాడు కాదు. టెస్టులేటి, గీతలేటి!

సోంపేట బాబాయ్:
మండ కట్టేది పొక్కు కనపడ్డాక కదేటి? పొక్కుకి రెండ్రోజుల ముందే అంటేస్తది అది. అన్నదమ్ములం ముగ్గురం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం, వరసగా ముగ్గురికీ పోసింది.

టెక్కలి మావయ్య:
అమ్మవారిని తెచ్చి కోవిడ్‌తో కలుపుతావేటి?

ఇచ్ఛాపురం కుర్రాడు:
అక్కా, ఇవాళ రెండో టెస్టు చేసుకున్నాను. రెండో గీత పడింది, లైటు కింద పెడితేగాని కనపడనంత లేతగా. జ్వరం ఇప్పటికీ లేదు. ఆదివారం రానని చెప్పేశాను. నిన్న డ్యూటీకి మాత్రం వెళ్ళొచ్చేశాను. లారీ వెనక పదమూడు మందిమి, దారి పొడుగునా నేనే కబుర్లు చెప్పాను. వాళ్ళకి ఏటని చెప్పాలి?