గడ్డం మీద తెల్ల వెంట్రుకలకు ఎలక్ట్రాలసిస్ చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

నాకు 34 ఏళ్లు, పీసీఓడీ (ఆడవాళ్లలో వచ్చే హార్మోన్ల సమస్య) ఉంది. పదేళ్లుగా గడ్డం మీద వెంట్రుకలకు త్రెడింగే. నిరుడు లేజర్ ఆరు సిట్టింగులు చేయించుకున్నా. నల్లవి బాగా తగ్గాయి గానీ తెల్లవి ఓ పదిహేను అలాగే ఉన్నాయి. వెంట్రుకలో నలుపు లేకపోతే లేజర్ పనిచేయదట. ఆ ముక్క డబ్బు కట్టించుకునే ముందు చెప్పలేదు! రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర అద్దం, ప్లకర్ పట్టుకుని కూర్చుంటున్నా.

ఎలక్ట్రాలసిస్‌లో ఒక్కో వెంట్రుక కుదురులోకి సన్నటి సూది దించి కరెంటు పెడతారు కదా, నొప్పి త్రెడింగ్ కంటే ఎక్కువా? నాది చామనఛాయ, మొటిమ వచ్చినా మచ్చ పడుతుంది. మీకు సూది పెట్టిన చోట మచ్చలు మిగిలాయా? విజయవాడ వైపు చేసే స్కిన్ డాక్టర్లున్నారా, హైదరాబాద్ వెళ్లాల్సిందేనా? పసుపు, శనగపిండి సలహాలు మాత్రం వద్దండీ, మా అత్తయ్య పుణ్యమా అని అవన్నీ అయిపోయాయి.