‘మూడు తరాలు చాలు’: హోమ్స్ తీర్పులోని వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న:

అమెరికా న్యాయచరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు ‘బక్ వర్సెస్ బెల్’ కేసులో ఇచ్చిన తీర్పు దగ్గర కలం ఆగిపోయింది. ‘ఇంబెసైల్’లు మూడు తరాలు చాలునని న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ అందులో రాశారు. ఆ మాటకు ‘మానసిక వికలాంగులు’ అని పెట్టి చూశాను, పొసగడం లేదు. ‘వెర్రివాళ్లు’, ‘మూఢులు’, ‘మందబుద్ధులు’ – వీటిలో ఏది నప్పుతుంది? అదే వ్యాసంలో ‘యూజెనిక్స్’ (మనుషుల జాతిని మెరుగుపరచాలంటూ ఎవరు పిల్లలను కనాలో, ఎవరు కనకూడదో నిర్ణయించే వాదం) పదే పదే వస్తోంది. దానికి ‘సుజనన శాస్త్రం’ అని రాసేయవచ్చా?

జవాబు:

‘మానసిక వికలాంగులు’ వద్దండీ. అది మన కాలపు మర్యాద. ఆ మర్యాదను హోమ్స్ నోట పెడితే, ఆయన చూపని గౌరవాన్ని మనం చూపించినట్టవుతుంది. ‘వెర్రివాళ్లు’ కూడా కుదరదు. మన ఇళ్లలో ‘వెర్రితల్లీ’ అని ముద్దుగానూ అంటాం, మతి తప్పినవారినీ అంటాం. ఆ తీర్పులో ముద్దూ లేదు, మతిభ్రమణం ఊసూ లేదు. ‘మూఢుడు’ చదువుతోనో అనుభవంతోనో బాగుపడే మనిషి. నా ఓటు ‘మందబుద్ధులు’కే. తిట్టుగానూ వాడతాం, ఒకప్పుడు ఆసుపత్రి కాగితాల్లోనూ, బడుల బోర్డుల మీదా రాసేవాళ్లం. ‘ఇంబెసైల్’కు కూడా సరిగ్గా ఆ రెండు ముఖాలూ ఉన్నాయి.

అది అప్పటి వైద్య పట్టికలో ఒక మెట్టు. బడిలో వెనకబడి సాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ ఒక పరీక్ష తయారుచేశారు. న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ పాఠశాలలో పనిచేసిన హెన్రీ గొడార్డ్ దాన్ని అమెరికాకు తెచ్చి, మనుషులను వడకట్టే జల్లెడగా మార్చాడు. మానసిక వయసు రెండేళ్లు దాటనివారు ‘ఇడియట్’లు, మూడు నుంచి ఏడు వరకు ‘ఇంబెసైల్’లు, ఎనిమిది నుంచి పన్నెండు వరకు ‘మోరాన్’లు. ఈ చివరి మాటను గ్రీకు నుంచి ఆయనే 1910లో పుట్టించాడు. సాయం చేయడానికి పుట్టిన పరీక్ష చివరకు ముద్ర వేయడానికి పనికొచ్చింది.

ఇప్పుడు ఆ మూడు తరాలూ ఎవరో చూద్దాం. మీ అనువాదానికి ప్రాణం అక్కడే ఉంది.

మొదటి తరం ఎమ్మా బక్. రెండో తరం ఆమె కూతురు క్యారీ, 1906లో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో పుట్టింది. తల్లి నుంచి వేరుచేసి పిల్లను ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. ఆరో తరగతి వరకు బాగానే చదివింది. ఆ తర్వాత బడి మాన్పించి ఇంటి చాకిరీకి పెట్టారు. పదిహేడేళ్ల వయసులో గర్భవతి అయింది. పెంచినవారి బంధువు ఒకడు తనను బలాత్కరించాడని ఆమె తర్వాత చెప్పింది. పెంచినవారు మాత్రం ఆమెకు బుద్ధిమాంద్యం ఉందనీ, నడవడి మంచిది కాదనీ అర్జీ పెట్టి, లించ్‌బర్గ్ దగ్గర మూర్ఛరోగుల కోసం, బుద్ధిమాంద్యుల కోసం రాష్ట్రం నడిపే కాలనీకి పంపేశారు. తల్లి ఎమ్మా అప్పటికే అక్కడ ఉంది.

1924లోనే వర్జీనియా ఒక చట్టం చేసింది. ‘అనర్హులు’ అని తేలినవారికి వారి ఇష్టంతో పనిలేకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయవచ్చని దాని సారాంశం. కోర్టులో అది నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి కాలనీ అధికారులు ఎంచుకున్న మనిషి క్యారీ. ఆమె తరఫున నిలిచిన వకీలు అంతకుముందు అదే కాలనీ పాలకమండలిలో ఉన్నవాడు. ఆమె వైపు నుంచి ఒక్క సాక్షినీ పిలవలేదు. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోని యూజెనిక్స్ రికార్డ్ ఆఫీసు నుంచి హ్యారీ లాఫ్లిన్ వాంగ్మూలం పంపాడు. క్యారీని ఒక్కసారీ చూడకుండానే ఆ కుటుంబాన్ని ‘సోమరి, అజ్ఞాన, పనికిమాలిన వర్గం’లో చేర్చాడు.

మూడో తరం వివియన్. విచారణ నాటికి ఎనిమిది నెలలు నిండని పసిపాప. ఆమె మీద సాక్ష్యమేమిటంటే, ఆ బిడ్డ చూపులో ఏదో తేడా ఉందనీ, అది ఏమిటో చెప్పలేననీ ఒక సంక్షేమ కార్యకర్త అన్న మాట. ఎనిమిది నెలల పాప చూపు మీద ‘మూడో తరం’ తేలింది! ఆ పాప తర్వాత బడికి వెళ్లింది, 1931లో మంచి విద్యార్థుల జాబితాలోనూ పేరు ఎక్కింది. మరుసటి ఏడాది ఎనిమిదేళ్ల వయసులో జబ్బుచేసి చనిపోయింది. క్యారీ మానసిక వయసు తొమ్మిదేళ్లని కోర్టు కాగితాల్లోనే ఉంది. అంటే గొడార్డ్ పట్టిక ప్రకారం చూసినా ఆమె ‘ఇంబెసైల్’ కాదు. తీర్పులో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

1927 మే 2న తీర్పు వచ్చింది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఒకవైపు. పియర్స్ బట్లర్ ఒక్కరే విభేదించారు, కారణాలు రాయలేదు. అక్టోబరు 19న క్యారీకి ఆపరేషన్ చేశారు. ఆమె చెల్లెలు డోరిస్‌కు కూడా చేశారు, అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పి. పెళ్లయి, పిల్లలు ఎందుకు కలగడం లేదో తెలియక బతికిన డోరిస్‌కు అసలు సంగతి అర్ధశతాబ్దం తర్వాత తెలిసింది. క్యారీ 1983లో చనిపోయింది. చివరి రోజుల్లో ఆమెను కలిసిన న్యాయచరిత్రకారుడు పాల్ లొంబార్డో, ఆమె రోజూ పేపరు చదివేదనీ, స్నేహితురాలితో కలిసి గళ్ల నుడికట్టు నింపేదనీ రాశాడు.

ఇక వాక్యం సంగతి. దాన్ని విడిగా అనువదించకండి. దానికి ముందు వాక్యంలోనూ ‘ఎనఫ్’ ఉంది. బలవంతంగా టీకా వేయడాన్ని సమర్థించే సూత్రం స్త్రీబీజ వాహికలను కోయడానికీ సరిపోయేంత విశాలమైనదని అంటాడు హోమ్స్. ఆ వెంటనే ‘మూడు తరాలు’ వస్తుంది. ఆ జంటను మన ‘చాలు’ చక్కగా పట్టుకుంటుంది. నేనైతే ఇలా రాస్తాను:

‘బలవంతపు టీకాను నిలబెట్టే సూత్రం స్త్రీబీజ వాహికలను కోయడానికీ చాలుతుంది. మందబుద్ధులు మూడు తరాలు చాలు.’

‘మూడు తరాల మందబుద్ధులు చాలు’ అంటే లెక్క మనుషుల మీదికి పోతుంది. ‘మూడు తరాలు’ను ‘చాలు’ పక్కన పెడితేనే తీర్పులోని కొట్టివేత వినిపిస్తుంది. ‘ఇక చాలు’ అని మాత్రం అనకండి. ‘ఇక’ వస్తే విసుగు వస్తుంది. హోమ్స్ విసుక్కోలేదు, ప్రశాంతంగా రాశాడు. భయపెట్టేది ఆ ప్రశాంతతే.

ఒక సభ్యుడి మాట:

బాగుంది. అయితే వీటన్నిటికీ మూలమైన సోషల్ డార్వినిజానికి మనకు సిద్ధంగా ఒక మాట ఉంది కదా, ‘మాత్స్యన్యాయం’. పెద్ద చేప చిన్న చేపను మింగడం. అది వాడితే పోలేదా?

జవాబు:

వాడకూడదనే అంటాను. కౌటిల్యుడు ఆ మాటను ఎక్కడ వాడాడో చూడండి. దండం లేనిచోట, అంటే రాజ్యం తన పని చేయనిచోట, బలవంతుడు బలహీనుణ్ని మింగే దుస్థితి అది. దాన్ని ఆపడానికే రాజు ఉండాలన్నది ఆయన వాదం. సోషల్ డార్వినిజం పేరుతో మనం పిలిచే ధోరణి దీనికి పూర్తిగా తలకిందులు. బలహీనులు రాలిపోవడం ప్రకృతి ధర్మమనీ, అడ్డుపడితే సమాజమే చెడుతుందనీ అది నమ్మింది. మన పెద్దలు ప్రమాదం పేరుగా పెట్టిన మాటను ఆదర్శానికి తగిలిస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. ‘సామాజిక డార్వినిజం’ అనే ఉంచండి.

ఇంకొకటి. సామాజిక డార్వినిజం, యూజెనిక్స్ ఒకే వరుసలో వస్తాయి గానీ ఒకటి కాదు. ‘యోగ్యతమమైనవాటి మనుగడ’ అనే పలుకుబడిని 1864లో ఆంగ్ల తత్త్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించాడు. సాటి ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ సలహా మీద డార్విన్ తన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ గ్రంథం 1869 నాటి ఐదో ముద్రణలో దాన్ని చేర్చాడు. పేదలకు ప్రభుత్వ సాయం వద్దన్నవాడు స్పెన్సర్, అంటే ప్రభుత్వం తప్పుకోవాలన్నాడు. యూజెనిక్స్ వాదులు మాత్రం ప్రభుత్వమే కత్తి పట్టుకోవాలన్నారు. ఈ తేడాకు హోమ్స్ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. బేకరీ కార్మికుల పనిగంటల మీద 1905లో వచ్చిన లాక్నర్ కేసులో, రాజ్యాంగంలోని పద్నాలుగో సవరణ స్పెన్సర్ సిద్ధాంతాన్ని చట్టం చేయలేదని భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి ఆయనే. ఇరవై రెండేళ్ల తర్వాత క్యారీ కేసులో, ‘అనర్హులని స్పష్టంగా కనిపిస్తున్నవారు’ తమ సంతతిని కొనసాగించకుండా సమాజం ఆపవచ్చని రాసిందీ ఆయనే.

ఆ ‘అన్‌ఫిట్’ను మీ వ్యాసంలో ‘అయోగ్యులు’ అనకండి, తెలుగులో అది దుర్మార్గులకు పడిపోయింది. ‘అనర్హులు’ సరైనది. అర్హత అనగానే దాన్ని నిర్ణయించేవాడు ఒకడు గుర్తుకొస్తాడు. జీవశాస్త్రంలో అలాంటివాడు లేడు. ఎండకో చలికో ఇమిడిన జీవి నాలుగు పిల్లలను మిగుల్చుకుంటుంది, అంతే. రేపు వాతావరణం మారితే లెక్కా మారుతుంది. వర్జీనియాలో మాత్రం ఒక కమిటీ కూర్చుని సంతకాలు పెట్టింది.

జీవశాస్త్రం బోధించే ఒక సభ్యురాలు:

డార్విన్‌ను మరీ గట్టున కూర్చోబెట్టారు. 1871 నాటి పుస్తకంలో, మశూచి టీకా వల్ల బలహీనులు బతికి పిల్లలను కంటున్నారనీ, పశువులను పెంచేవాళ్లెవరికైనా ఇది మనుషుల జాతికి హానికరమని తెలుస్తుందనీ ఆయనే రాశాడు కదండీ.

జవాబు:

రాశాడు, దాచవలసిన పని లేదు మేడం. ఆ కాలపు భయం ఆయనలోనూ ఉంది. ఆ వెంటనే ఇంకో మాటా అన్నాడు. నిస్సహాయులకు సాయపడే గుణాన్ని అణచుకుంటే మన స్వభావంలోని అత్యుత్తమ భాగమే చెడుతుందని. మొదటి మాటను తీసుకుని రెండోదాన్ని వదిలేసిన తరం ఆ తర్వాత వచ్చింది. ఆయన దగ్గరి బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో ‘యూజెనిక్స్’ అనే పేరు పెట్టాడు. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బలవంతపు ఆపరేషన్లకు మొదటి చట్టం చేసింది. అమెరికాలో మొత్తం 60 వేల మందికి పైగా ఈ ఆపరేషన్లకు గురయ్యారు, ఒక్క కాలిఫోర్నియాలోనే సుమారు 20 వేల మంది. 1933లో హిట్లర్ ప్రభుత్వం చేసిన చట్టం కింద దాదాపు నాలుగు లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. ఆ చట్టానికి లాఫ్లిన్ రాసిన నమూనా చట్టంతో దగ్గరి పోలికలు ఉన్నాయి. 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇలా ఆపరేషన్లు చేసి ఒక లక్షణాన్ని తుడిచేయడం ఎందుకు కుదరదో, ఆ లెక్క మీకు నాకంటే బాగా తెలుసు, మిగతావారి కోసం చెబుతున్నాను. పదివేల మందిలో ఒకరికి కనిపించే అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ దాని జన్యువు వస్తేనే బయటపడేది, ఒకటి ఉందనుకోండి. దాని జన్యువు నూటికి ఒక వంతు ఉంటుంది. ఆ లక్షణం బయటికి కనిపించిన ప్రతి ఒక్కరికీ పిల్లలు పుట్టకుండా చేసినా, ఆ జన్యువు సగానికి తగ్గడానికి నూరు తరాలు పడుతుంది, అంటే రెండున్నర వేల ఏళ్లు. అది పైకి ఆరోగ్యంగా ఉన్నవారిలోనే దాగి ఉంటుంది మరి. పేదరికమూ, బడి లేకపోవడమూ జన్యువులే కావన్నది వేరే సంగతి.

కాకినాడ నుంచి ఒక సభ్యుడు:

ఈ చర్చకు మా ఊరితో ఒక సంబంధం ఉంది. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మా రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఆయన యూజెనిక్స్‌ను వ్యతిరేకించాడా?

జవాబు:

బలవంతపు ఆపరేషన్లను గట్టిగా వ్యతిరేకించారండీ. 1930లలోనే, ఈ చట్టాల వెనక సైన్సు కంటే వర్గద్వేషం ఎక్కువని చూపించారు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. ఆంధ్రలోని మేనరికాల మీద ద్రోణంరాజు పరిశోధన చేశారు. మేనరికం చేసుకున్నవారిని నిందించకుండా, లెక్కలు తీసి చూడటం ఆ పరిశోధన పద్ధతి.

మన దేశంలో ఇదే వాదాన్ని కులానికి కవచంగా తొడిగినవారూ ఉన్నారు. కులం రక్తశుద్ధిని కాపాడుతుందని అన్నారు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ కోసం రాసిన ప్రసంగంలో అంబేడ్కర్ ఆ వాదాన్ని చీల్చి చెండాడారు. కులం జాతిని మెరుగుపరిచేదే అయితే, సైన్యానికి పనికిరాని దుర్బల దేహాలే ఎందుకు మిగిలాయని నిలదీశారు.

ప్రశ్న అడిగినవారు:

‘మందబుద్ధులు మూడు తరాలు చాలు’ తీసుకుంటున్నాను. మరి ‘సుజనన శాస్త్రం’?

జవాబు:

మొదటిసారి వచ్చినప్పుడు ‘యూజెనిక్స్ అనే పేరుతో నడిచిన ఉద్యమం’ అని రాసి, ఆపైన యూజెనిక్స్ అనే ఉంచండి. గాల్టన్ ఆ మాటను గ్రీకు నుంచి ‘మంచి పుట్టుక’ అనే అర్థంలో కట్టాడు. మన ‘సుజనన’లోని ‘సు’ కూడా ఆ పొగడ్తనే మోస్తోంది. చివర ‘శాస్త్రం’ తగిలిస్తే క్యారీకి జరిగినదానికి శాస్త్రం ఆమోదముద్ర వేసినట్టు ఉంటుంది. నిఘంటువు మాటను చూపించాలంటే కొటేషన్లలో ఒక్కసారి చూపించండి, చాలు.

వీలైతే అడుగున ఒక గమనిక కూడా పెట్టండి. వర్జీనియా ఆ చట్టాన్ని 1974లో రద్దుచేసింది. 2002 మే 2న, తీర్పు వచ్చిన డెబ్బై ఐదేళ్లకు, ఆ రాష్ట్ర గవర్నర్ క్షమాపణ చెప్పారు. బతికి ఉన్న బాధితులకు పరిహారం 2015లో మంజూరైంది. సుప్రీంకోర్టు మాత్రం ‘బక్ వర్సెస్ బెల్’ తీర్పును ఇంతవరకు నేరుగా కొట్టివేయలేదు.