మడక దున్నుతూ టీవీ కనిపెట్టాడంట, నిజమేనా?

మదనపల్లెవాడు, మారతహళ్లి:
మావాడికి పద్నాలుగేళ్లు. సెలవులకి మా నాయన టమాటా తోటకి పంపిస్తే బోరు స్టార్టర్ పెట్టె విప్పి కూర్చున్నాడు. తిడితే, "ఫిలో ఫార్న్స్‌వర్త్‌కి కూడా పద్నాలుగేళ్లకే పొలంలో టీవీ తట్టింది" అని నాకే పాఠం. ఆలుగడ్డ చేలో సాళ్లు చూశాడంట. నిజమా, యూట్యూబ్ కతా?

ఎస్పీరోడ్ పాత మెకానిక్:
ఆ కుటుంబం చెప్పుకునే మాటే అది, 1921 నాటిది. ఫిలో పుట్టింది అమెరికాలో, యూటా రాష్ట్రంలో, 1906లో. 1918లో ఇడాహోలో రిగ్బీ దగ్గరికి సేద్యానికి చేరినారు. నేను హిందూపురం పక్కన మడక దున్ని వచ్చినోణ్ణి, ఆపైన ముప్పై ఏళ్లు పిక్చర్ ట్యూబులతో బతికినోణ్ణి. మన పాత టీవీలో బొమ్మంటే 625 గీతలు, అన్నీ కనపడవులే. ఎలక్ట్రాన్ల కిరణం సాలు కింద సాలు గీసుకుంటా పోతుంది. ఒకటే తేడా. మేము చేను కొసన ఎద్దుల్ని తిప్పుకుని ఎదురు సాలు వస్తాము. కిరణం అట్ల తిరగదు. ఆరిపోయి, ఎడమ కొసకి ఒక్క దూకు దూకి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ దూకులో పుట్టే వోల్టేజీనే ఎల్‌ఓటీ అనే ట్రాన్స్‌ఫార్మర్ పెంచి ట్యూబుకిచ్చేది. ఎల్‌ఓటీ పోయిన సెట్లే నాకు అన్నం పెట్టినాయి.

1927 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పిల్లోడు మొదట పంపిన బొమ్మ కూడా ఒట్టి గీతే.

నన్నడిగితే సాళ్లకంటే ఆ పొలంలో ఉన్న జనరేటర్ గొప్పది. చెడినప్పుడల్లా విప్పి బాగుచేసి, వాళ్లమ్మ చేత్తో తిప్పే బట్టల మిషన్‌కి మోటారు బిగించినాడు. మీవాడు స్టార్టర్ విప్పినాడు సరే, మళ్లీ బిగించినాడా? అది రాయలేదే?

కోరమంగళ సుధ:
మేం బోయిసీలో ఉన్నప్పుడు రిగ్బీ వెళ్లాం. ఆలుగడ్డ చేలు, కాలువలు, ఆయన పేరు మీద చిన్న మ్యూజియం. అందరూ నాగలి గురించే చెప్తారు గానీ మేష్టారిని మర్చిపోతారు. 1922లో బడిలో జస్టిన్ టోల్మన్ అనే కెమిస్ట్రీ మేష్టారికి ఆ పిల్లాడు తన ఆలోచన బొమ్మ గీసి చూపించాడు. తర్వాత ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీతో పేటెంట్ తగాదా వస్తే ఆయనే వచ్చి సాక్ష్యం చెప్పారు. 1935లో ఫిలోనే గెలిచాడు. పిల్లాడి చేతికి సుద్దముక్క ఇచ్చే ఫౌండేషన్ కోచింగ్ మన వైపు ఎక్కడైనా ఉంటే చెప్పండి, మా అమ్మాయిని చేరుస్తా.

మదనపల్లెవాడు:
బిగించాడన్నా. రెండు స్క్రూలు మిగిలాయి. మోటారు మాత్రం నడుస్తోంది.

ఎస్పీరోడ్ పాత మెకానిక్:
అది త్రీఫేజ్ కరెంటు నాయనా. ఈసారి పెట్టె ముట్టుకునే ముందు మెయిన్ దించమను. ఆ స్క్రూలు ఎక్కడివో కూడా చూడమను.