ఆగిన బండి, ఆగిన దుకాణం: స్టేషనరీ గురించి

నిన్న మన గ్రూపులో ఒక చెల్లె అడిగింది: "డిక్షనరీలో స్టేషనరీ అంటే ఒకచోట 'కదలకుండా ఉన్నది' అని ఉంది, ఇంకోచోట 'కాగితాలు, పెన్నులు' అని ఉంది. ఒకే మాటకు రెండు అర్థాలా, రెండు మాటలా?"

రెండు మాటలే. పలకడం ఒకే తీరు, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. చివరి ఆర్‌, వై అక్షరాలకు ముందు 'ఏ' ఉంటే కదలనిది, 'ఈ' ఉంటే రాత సామాను. జవాబు ఇంతే. కానీ ఆ ఒక్క అక్షరం నన్ను ఆఫీసంతా నవ్వేలా చేసింది కాబట్టి ఇంకొంచెం రాస్తాను.

హనుమకొండలో క్లర్కుగా కొత్తగా చేరిన రోజులు. నెలకోసారి ఆఫీసు సామానుకు ఇండెంటు రాయాలి. తెల్లకాగితాలు ఆరు దస్తాలు, ఫైలు ట్యాగులు, గుండుసూదులు, స్టాంపు ప్యాడుకు సిరా... అన్నీ వరుసగా రాసి, పైన ఇంగ్లీషులో 'స్టేషనరీ ఐటమ్స్' అని పెద్దక్షరాలతో పెట్టి, స్కేలుతో కింద గీత కూడా కొట్టాను. 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' పడింది. మా సారు ఎర్రపెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన తెలుగులో రాశారు: "ఇవి కదలనివైతే స్టోర్ నుంచి ఎట్ల తెస్తవు?" ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చేసరికి అటెండరుతో సహా అందరూ చదివేశారు. చాలా రోజుల వరకు ఎవరికి పెన్ను కావాలన్నా, "అన్నా, ఆ కదలని పెన్ను ఒకటి ఇయ్యి" అనే అడిగేవాళ్లు.

తెలుగులో రాసి ఉంటే ఈ గొడవే లేదు. మన లిపిలో రెండూ స్టేషనరీయే. చెవికి వినబడినట్టు రాసుకుంటాం కాబట్టి ఇంగ్లీషువాళ్లు కంటికోసం దాచుకున్న తేడా మన దగ్గర మాయమవుతుంది. దీన్ని మన లిపి లోపం అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఈ రెండు మాటలూ ఒక కడుపున పుట్టినవే.

లాటిన్‌లో నిలబడటానికి 'స్టారే' అంటారు, నిలిచే చోటుకు 'స్టాతియో'. రైల్వే స్టేషన్ అక్కడి నుంచే వచ్చింది. మధ్యయుగాల ఐరోపాలో సరుకు అమ్మేవాళ్లలో ఎక్కువమంది మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా, సంతసంతకూ తిరిగేవాళ్లు. అలా తిరగకుండా ఒకచోట దుకాణం పెట్టుకుని కూర్చున్నవాడు స్టేషనర్. విశ్వవిద్యాలయాలున్న ఊళ్లలో అలా కూర్చున్నది ముఖ్యంగా పుస్తకాలవాళ్లు. వాళ్లు అమ్మిన కాగితం, కలం, సిరాకు తర్వాత స్టేషనర్ పేరే అంటుకుంది. బేకర్ చేసేది బేకరీలో దొరికినట్టు, స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. 'ఈ' వచ్చింది ఆ 'అర్' నుంచే. గుర్తుపెట్టుకోవడానికీ అదే దారి: పేపర్, లెటర్ అనే మాటలు 'ఈ', 'ఆర్‌'లతోనే ముగుస్తాయి. ఆగినదానికి మాత్రం 'ఏ'.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. 13వ శతాబ్దంలో బొలోన్యా, పారిస్ నగరాల్లో పాఠ్యపుస్తకాన్ని కట్టలు కట్టలుగా విడదీసి, ఒక్కో కట్టను విద్యార్థులకు అద్దెకిచ్చేవాళ్లు ఈ స్టేషనర్లు. తీసుకుపోయి చేత్తో నకలు రాసుకోవాలి, తిరిగిచ్చి తర్వాతి కట్ట తెచ్చుకోవాలి. అద్దె ఎంతో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది. ఇప్పుడు పరీక్షల ముందు మా హనుమకొండ నయీంనగర్‌లో ఏ కాలేజీ ఎదుటి దుకాణానికైనా పోయి చూడండి. సీనియర్ల నోట్సు యూనిట్లవారీగా విడదీసి కౌంటర్ మీద పెట్టి ఉంటాయి, పిల్లలు జిరాక్సు మిషన్ ముందు వరుసకడతారు. బోర్డు మీద 'జిరాక్స్ అండ్ స్టేషనరీ' అని ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన ఉండటం ఎనిమిది వందల ఏళ్ల నాటి అలవాటని బోర్డు రాసిన పెయింటరుకు ఏం తెలుసు!

లండన్‌లో ఈ వర్తకుల సంఘం 1403లో ఏర్పడింది, 1557లో రాజముద్రతో చార్టర్ పొందింది. అక్కడ అచ్చువేయాల్సిన పుస్తకాన్ని వాళ్ల రిజిస్టరులో ఎక్కించుకునే పద్ధతి చాలాకాలం నడిచింది. అది వేరే కథ.

మనకు దగ్గరి సంగతికి వస్తే, లాటిన్ 'స్టారే'కు సంస్కృతంలో తోబుట్టువు 'స్థా' ధాతువు. స్థానం, స్థితి, స్థిరం, సంస్థ అన్నీ దాని పిల్లలే. స్థావరం కూడా. కాబట్టి 'ఏ' ఉన్న స్టేషనరీకి అచ్చంగా సరిపోయే మాట మన దస్తావేజుల్లో ఎప్పటి నుంచో ఉంది: "స్థావర జంగమ ఆస్తులు". ఇల్లు, పొలం స్థావరం, పశువులు, నగలు జంగమం. శివుడి పాటలు పాడుతూ ఊరూరా తిరిగేవాళ్లను జంగమదేవర అనడం మన పక్క పెద్దలందరికీ తెలుసు. ఒకచోట నిలవడు కాబట్టి జంగముడు. స్టేషనర్ సరిగ్గా అతనికి ఎదురు, స్థావరుడు.

చెల్లె ప్రశ్న కిందనే ఒకాయన అడిగారు, "కదలనిదానికి నిత్యజీవితంలో ఉదాహరణ చెప్పండి, బండరాయి వద్దు" అని. కాజీపేట జంక్షన్‌లో కిటికీ పక్కన కూర్చోండి. పక్క పట్టాల మీది రైలు మెల్లగా కదులుతుంది, మన బండే కదిలిందని సంబరపడతాం. ఇటువైపు తిరిగి చూస్తే టీ అమ్మే అతను ఎక్కడున్నవాడు అక్కడే. మన బండి స్టేషనరీ. ఇంకో సంగతి, డిష్ టీవీ ఉపగ్రహాన్ని భూస్థిర ఉపగ్రహం అంటారు కానీ, అది ఆగి ఉండదు. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమి తిరిగే వేగానికి సరిగ్గా జత కలిపి తిరుగుతుంది. మన మిద్దె మీది గొడుగుకు మాత్రం ఒకేచోట ఉన్నట్టు కనబడుతుంది.

"స్టేషనరీని తెలుగులో ఏమనాలి?" అన్నది ఇంకొకరి ప్రశ్న. 'లేఖన సామగ్రి' అని ఉంది. దుకాణానికి పోయి అలా అడిగితే మాత్రం "ఏం కావాలె సార్?" అని రెండోసారి అడుగుతారు. స్టేషనరీ అని రాసుకుంటే తప్పేం లేదని నా అభిప్రాయం.

జూన్‌లో బడులు తెరిచినప్పుడు మా గల్లీకి తోపుడుబండి మీద నోటుబుక్కులు, అట్టలు, స్కెచ్ పెన్నులు తెచ్చి అమ్మే అతను ఒకడున్నాడు. బండికి చిన్న అట్ట కట్టి, దాని మీద 'స్టేషనరీ' అని రాసుకున్నాడు. పొద్దున మా గల్లీలో, మధ్యాహ్నం బడి గేటు దగ్గర, సాయంత్రం చౌరస్తాలో. అట్ట మీద తెలుగులో రాసుకున్నాడు కాబట్టి బతికిపోయాడు, లేకుంటే మా సారు అక్కడా ఎర్రపెన్ను తీసేవారు.