రాయ్ కృష్ణ నిజంగా గొప్ప స్ట్రైకరా, చిన్న లీగుల్లోనే హీరోనా?

ఆఫ్‌సైడ్ రాజు:
ఐఎస్ఎల్‌కి (ఇండియన్ సూపర్ లీగ్, మన ఫుట్‌బాల్ లీగ్) వచ్చిన బెస్ట్ ఫారిన్ స్ట్రైకర్లు ఎవరంటే చాలామంది ఫిజీ ఆటగాడు రాయ్ కృష్ణ పేరు ముందు చెప్తున్నారు, నేను ఒప్పుకోను. ఇతను ఆడిన క్లబ్బులు చూడండి: ఫిజీలో లాబాసా, తర్వాత న్యూజిలాండ్‌లో వైటాకెరె, ఆక్లండ్ సిటీ, వెల్లింగ్టన్, ఆ తర్వాత మన కోల్‌కతా, బెంగళూరు, ఒడిశా. యూరప్‌లో ఒక్క సీజన్ కూడా లేదు. 32 ఏళ్లకి ఇక్కడికొచ్చి 2019-20లో 15, తర్వాతి సీజన్‌లో 14 గోల్స్ కొట్టాడంటే అది అతని గొప్పా, మన డిఫెన్స్ లెవెలా? పైగా రెండుసార్లూ టాప్‌లో సమానంగా నిలిచినా గోల్డెన్ బూట్ (టాప్ స్కోరర్ అవార్డు) ఒకసారి వాల్స్కిస్‌కి, ఒకసారి అంగులోకి పోయింది.

లెఫ్ట్ వింగ్:
రాజు అన్నా, యూరప్ ఆడలేదు అనే ముందు అసలు దారి ఎక్కడుందో చూడండి. 9 లక్షల జనాభా ఉన్న దేశం, అక్కడ జనానికి రగ్బీయే ప్రాణం, అందులోనూ లాబాసా అంటే రాజధాని ఉన్న దీవి కూడా కాదు, చెరకు ఫ్యాక్టరీ ఊరు. ఇతన్ని చూడ్డానికి ఏ స్కౌట్ వస్తాడు అక్కడికి? 2013 డిసెంబర్‌లో క్లబ్ వరల్డ్ కప్‌లో ఆక్లండ్ తరఫున మొరాకో క్లబ్ రాజా కాసాబ్లాంకా మీద గోల్ కొట్టాడు, ఆ రాజా టీమే ఫైనల్ దాకా పోయి జర్మనీ క్లబ్ బాయర్న్‌తో ఆడింది. ఆ తర్వాత గానీ ఎ-లీగ్ (వెల్లింగ్టన్ ఆడే ఆస్ట్రేలియా లీగ్) పిలుపు రాలేదు, అప్పటికే 26 నిండాయి. మిగతావాళ్లు 18కి మొదలెట్టేది ఇతను 26కి మొదలెట్టాడు. అక్కడి నుంచి వెల్లింగ్టన్ చరిత్రలోనే టాప్ స్కోరర్ అయ్యాడు, 2018-19లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్, లీగ్ బెస్ట్ ప్లేయర్‌కిచ్చే జానీ వారెన్ మెడల్ కూడా. ఎ-లీగ్ డిఫెండర్లు కూడా చేతకానివాళ్లేనా మరి?

గచ్చిబౌలి గ్యాలరీ:
హైదరాబాద్ ఎఫ్‌సీ ఫ్యాన్‌గా ఒక మాట. 2022 ఐఎస్ఎల్ సెమీస్ గుర్తుందా, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు, ఫస్ట్ లెగ్ 3-1తో మనం గెలిచాం, సెకండ్ లెగ్ 0-1. అప్పుడు రాయ్ కృష్ణ ఆడుతున్న మోహన్ బగాన్ కొట్టిన ఆ రెండు గోల్సూ ఇతనివే. సెకండ్ లెగ్‌లో ఆ గోల్ పడ్డాక చివరి పది నిమిషాలు ఇంట్లో ఎవరం కూర్చోలేదు భయ్యా, బాల్ అతని కాళ్ల దగ్గరికి వెళ్తే చాలు మా నాన్న కళ్లు మూసుకునేవారు. మన టీమ్ కప్పు కొట్టిన సీజన్‌లో నన్ను అంత భయపెట్టిన స్ట్రైకర్ ఇంకొకడు లేడు.

ఆఫ్‌సైడ్ రాజు:
క్లబ్ సంగతి కొంత ఒప్పుకుంటా. దేశం తరఫున? రియో ఒలింపిక్స్‌లో ఫిజీ కొరియా మీద 0-8, మెక్సికో మీద 1-5, జర్మనీ మీద 0-10. మిగతా గోల్స్ ఎక్కువ చుట్టుపక్కల చిన్న దీవుల మీదే కదా.

లెఫ్ట్ వింగ్:
ఆ 1-5లో ఒకటి ఎవరిదో కూడా రాయాల్సింది అన్నా. ఒలింపిక్ ఫుట్‌బాల్ 23 ఏళ్లలోపు వాళ్లది, అందులో 23 దాటినవాళ్లకిచ్చే కొద్ది కోటాలో వెళ్లి పదో నిమిషంలో కొట్టాడు, హాఫ్‌టైమ్‌కి ఫిజీయే 1-0 లీడ్. అవతల ఉన్నది అంతకుముందు ఒలింపిక్ గోల్డ్ కొట్టిన మెక్సికో. సెకండాఫ్‌లో టీమ్ మొత్తం అలిసిపోయి ఐదు తిన్నారు, ఫార్వర్డ్ ఒక్కడు ఏం చేస్తాడు. ఫిజీకి ఆ టోర్నీ మొత్తంలో వచ్చిన గోల్ అదొక్కటే.

ఆఫ్‌సైడ్ రాజు:
సరే, బాగా ఆడాడు, కాదనను. అయినా నా లిస్టులో నైజీరియా స్ట్రైకర్ ఓగ్‌బెచేనే పైన, లీగ్‌లో 63 గోల్స్.

లెఫ్ట్ వింగ్:
ఓగ్‌బెచే అంటే నాకూ గౌరవమే. కానీ అతను 17 ఏళ్లకే నైజీరియాకి వరల్డ్ కప్ ఆడాడు, అప్పటికే పారిస్ క్లబ్ పీఎస్‌జీలో ఉన్నాడు. అదే వయసులో రాయ్ కృష్ణ లాబాసాలో ఉన్నాడు, పక్క దేశం న్యూజిలాండ్ క్లబ్‌లో చేరడానికే ఇంకా కొన్నేళ్లు పట్టింది.