ఇంటర్‌సెప్టర్ 650కి సైలెన్సర్ మార్చాను, ఇప్పుడు ఏ ట్యూనర్ పెట్టాలి?

బెజవాడ ట్విన్:
అన్నలందరికీ నమస్తే. నాది 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బండి. మూడు నెలల కింద స్లిప్-ఆన్ సైలెన్సర్లు వేయించి, ఎయిర్ ఫిల్టర్ కూడా మార్పించా. బెండ్ పైపులు కంపెనీవే. అప్పట్నుంచి థ్రాటిల్ వదిలితే చాలు, వెనక పటపటా పేలుతోంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర జర్కులు కొడుతోంది. మైలేజీ 26 నుంచి 21కి పడింది. ఒక షాపులో "లీన్ అయింది, పవర్‌ట్రానిక్ పెట్టేద్దాం" అన్నారు. ఇంకొకాయన ఫ్యూయల్‌ఎక్స్ చాలన్నాడు. నెట్‌లో చూస్తే పవర్ కమాండర్ అంటున్నారు. మూడూ ఇంజన్‌కి పెట్రోలు పోత సరిచేసే ట్యూనర్ డబ్బాలే. వచ్చే నెల శ్రీశైలం వెళ్లాలి, దోర్నాల ఘాట్‌లో ఇలా జర్కులిస్తే టెన్షన్. ఏది కొనాలి?

వైజాగ్ రైడర్:
నేను ఫ్యూయల్‌ఎక్స్ పెట్టించా బ్రో. జర్క్ పోయింది. కళ్లు మూసుకుని కొనెయ్.

కార్బురేటర్ బాబాయ్:
కళ్లు మూసుకోవద్దు తమ్ముడూ. ముందు బెండ్ పైపు ఇంజన్ హెడ్‌ను కలిసే చోట ఒకసారి కళ్లు పెట్టి చూడు.

నువ్వు చెప్పినదాంట్లో ఒకటి నాకు పొసగడం లేదు. లీన్ అంటే పెట్రోలు తక్కువ పోతోందని. మరి మైలేజీ అయిదు ఎందుకు పడింది? కొత్త సౌండ్ వచ్చాక అందరం కాస్త ఎక్కువే తిప్పుతాం, కాదనను. అయినా అయిదు ఎక్కువే. నా అనుమానం గాస్కెట్ మీద, అదే జాయింట్ సందు మూసే రింగు మీద. స్లిప్-ఆన్ ఎక్కించేటప్పుడు పైపును అటూ ఇటూ గుంజుతారు, హెడ్ దగ్గర గాస్కెట్ కదులుతుంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. దాని తర్వాతే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది కదా, దానికి ఈ అదనపు గాలి తగులుతుంది. "అయ్యో, పెట్రోలు చాలట్లేదు" అని అది ఈసీయూకి, అంటే పెట్రోలు లెక్క చూసే బండి కంప్యూటర్‌కి చెబుతుంది. ఈసీయూ అమాయకంగా ఇంకా పోస్తుంది. మండకుండా మిగిలిన పెట్రోలు ఆ గాలితో కలిసి, థ్రాటిల్ వదిలినప్పుడు వేడి పైపులో పేలుతుంది. పేలుడు ఉంది కాబట్టి బండి లీన్ అని తేల్చేసే మెకానిక్‌ని నేను నమ్మను.

పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టు. స్టార్ట్ చేసి, పక్కన ఇంకొకరిని పెట్టుకుని, రెండు సైలెన్సర్ల చివరలా దళసరి గుడ్డ రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టండి. చేతికి గ్లవ్స్ ఉండాలి. ఎక్కడో బుడగలొస్తాయి, లేదా సుయ్‌మని చప్పుడొస్తుంది. జాయింటు పక్కన నల్లటి మసి చార ఉంటే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. ఇది తేలకుండా ఏ డబ్బా పెట్టినా దండగే. సెన్సర్‌ని చూసి సర్దుకునే రకం డబ్బా అయితే ఆ తప్పుడు లెక్కనే ఒంటబట్టించుకుంటుంది.

బెజవాడ ట్విన్:
బాబాయ్, మీ మాటే నిజం! ఎడమ వైపు హెడ్ దగ్గర వేలెడు పొడవు మసి చార. నట్టు చేత్తోనే తిరిగింది. కొత్త గాస్కెట్ వేయించా. వారం నడిపాక పేలుడు దాదాపు పోయింది, మైలేజీ 24 వచ్చింది. 2,500 దగ్గర జర్క్ మాత్రం తగ్గింది గానీ పోలేదు. ఇప్పుడైనా కొనొచ్చా?

కార్బురేటర్ బాబాయ్:
ఇప్పుడు మాట్లాడుకుందాం. బండి ఒకే వేగంలో సాఫీగా పోతున్నంతసేపు ఈసీయూ సెన్సర్ మాట విని పెట్రోలు సరిచేసుకుంటుంది. థ్రాటిల్ బాగా తెరిస్తే సెన్సర్‌ని పట్టించుకోదు, తనలో రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం పోస్తుంది. పైగా కంపెనీ సెన్సర్‌కి "తక్కువైంది, ఎక్కువైంది" అనడమే వచ్చు, ఎంత అనేది చెప్పలేదు. ఏ డబ్బా కొనాలన్నా ఈ రెండూ గుర్తుపెట్టుకో.

ఫ్యూయల్‌ఎక్స్, పవర్‌ట్రానిక్ రెండూ బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్లవే. మొదటిది పెట్రోలు ఒక్కటే సర్దుతుంది, సెన్సర్‌ని చూసుకుంటూ తనంతట తనే. ల్యాప్‌టాప్ గొడవ లేదు. రెండోది పెట్రోలుతో పాటు ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ కూడా మారుస్తుంది, మ్యాప్ (ఎప్పుడు ఎంత అనే లెక్కల పట్టిక) మనం రాసుకోవచ్చు. ఇక్కడే చిక్కు. టైమింగ్ అత్యాశగా ముందుకు జరిపితే ఇంజన్ నాకింగ్ చేస్తుంది, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమంటుంది, పిస్టన్‌కి ముప్పు. పవర్ కమాండర్ అమెరికా డైనోజెట్ వాళ్లది. మంచి సరుకే, కానీ డైనో (బండిని రోలర్ మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద కూర్చోబెట్టి ట్యూన్ చేసేవాడు దొరికితేనే దాని విలువ. దించుకున్న రెడీమేడ్ మ్యాప్ నీ సైలెన్సర్‌కి సరిపోతుందని గ్యారంటీ లేదు. అక్కడి పెట్రోలూ మన పెట్రోలూ ఒకటి కాదు. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక వంతు పూర్తిగా మండడానికి, బరువు లెక్కన, గాలి 14.7 వంతులు కావాలి, మన 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి 13.5 దగ్గరే సరిపోతుంది.

నా ఓటు ఫ్యూయల్‌ఎక్స్‌కి. వైజాగ్ తమ్ముడు చెప్పినదే, కారణం వేరు. నీకు దగ్గర్లో నమ్మకంగా ట్యూన్ చేసేవాడు లేడు, కామ్‌షాఫ్ట్ మార్చలేదు, బోర్ పెంచలేదు. ఆ రెండిట్లో ఏదో చేసిన రోజు పవర్‌ట్రానిక్ గురించి అడుగు. పవర్ పెరుగుతుందని మాత్రం ఆశపడకు, 47 పీఎస్ బండి 47 పీఎస్ బండిగానే ఉంటుంది. చేతికి సాఫీగా తగులుతుంది, అంతే.

వైజాగ్ రైడర్:
ఒక మాట బ్రో. సౌండ్ విషయం ఏ డబ్బా తీర్చదు. మా దగ్గర పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా పడొచ్చు. డీబీ కిల్లర్ (సైలెన్సర్ లోపల సౌండ్ తగ్గించే ముక్క) తీసేసి ఉంటే మళ్లీ పెట్టించు.

బెజవాడ ట్విన్:
డీబీ కిల్లర్ ఇంట్లో డబ్బాలో ఉంది, రేపే పెట్టిస్తా. వైరింగ్ కోయాల్సి ఉంటుందా బాబాయ్?

కార్బురేటర్ బాబాయ్:
కోస్తానన్నవాడి దగ్గర బండి ఇవ్వకు. కప్లర్‌కి (వైర్లను కలిపే ప్లగ్) కప్లర్ తగలాలి, విప్పేస్తే బండి మళ్లీ కంపెనీ బండిలా నడవాలి. ఆర్డర్ చేసేటప్పుడు సంవత్సరం చెప్పు, బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) బండిదీ నీదీ ఒకటే కప్లర్ అనుకోవద్దు. వారంటీ మిగిలి ఉంటే సర్వీస్ సెంటర్‌లో ముందే అడుగు. బిగించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసేయమను. ఎర్త్ వైరు బ్యాటరీ నెగెటివ్‌కే బిగించాలి, ఫ్రేమ్ మీద పెయింట్ ఉన్న బోల్టుకి కాదు. ఆ బోల్టు వల్లే నా బండి ఒకసారి వానలో నందిగామ దగ్గర రెండు గంటలు నిలబడింది.